అయిదు గినీల పెట్టె

1761 ప్రాంతంలో పెన్సిల్వేనియా రైతొకాయన హాలీ చెట్టెక్కాడు. వయసు అప్పటికే అరవై దాటింది. చిటారు కొమ్మన గుత్తులుగా ఎర్రపళ్లు ఉన్నాయి, అవి ఆయనకు కావాలి. చెయ్యి చాచాడో లేదో కొమ్మ విరిగింది. కిందపడితే చేతికి పెద్ద దెబ్బ తగిలింది. వెంట వచ్చిన చిన్న కొడుక్కు తండ్రిని లేవదీసే బలం లేదు. ఈ సంగతంతా ఆ రైతే లండన్‌లోని తన స్నేహితుడికి ఉత్తరంలో రాసుకున్నాడు. ఆ స్నేహితుణ్ణి ఆయన జన్మలో ఒక్కసారి కూడా చూడలేదు. ఆ చెట్లెక్కడం, ఆ పళ్లు కొయ్యడం చాలావరకు ఆ చూడని స్నేహితుడి కోసమే.

రైతు పేరు జాన్ బార్‌ట్రమ్. స్నేహితుడు పీటర్ కాలిన్సన్, లండన్ గ్రేస్‌చర్చ్ వీధిలో బట్టల వ్యాపారి. ఈనాడు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ అక్టోబరు వచ్చిందంటే పెరళ్లలో మంట అంటుకున్నట్టు ఎర్రబారే చెట్లూ పొదలూ అక్కడ అనాదిగా ఉన్నవే అనిపిస్తాయి. వాటిలో చాలా వాటి వెనక ఈ ఇద్దరి ఉత్తరాలున్నాయి, ఆ ఉత్తరాల వెంట ఓడెక్కిన చెక్కపెట్టెలున్నాయి.

ఇక్కడ మన మాట ఒకటి చెప్పుకోవాలి. శరత్తు అనగానే తెలుగువాళ్ల మనసులో మెదిలేది వెన్నెల. వానలు వెనకబట్టి, ఆకాశం కడిగినట్టై, తంగేడు పూసే కాలం అది. ఆకులు రాలడం మనకు శిశిరంలో మాట, అదీ ఎక్కువగా బూడిదరంగు మాట. రాలేముందు ఆకు ఎర్రబడే ముచ్చట మన ఇళ్ల దగ్గర చూడాలంటే పెరటి బాదం దగ్గరికి వెళ్లాలి. అరచేయంత ఆకు, అంచు నుంచి ఎరుపెక్కుతూ, ఈనెల పక్కన మాత్రం కాస్త పసుపు మిగుల్చుకుని, ఒకనాటి పొద్దున వాకిట్లో పడి ఉంటుంది. ఇలాంటి ఆకులు ఒక చెట్టుకు కాక ఒక దేశం మొత్తానికి ఒకేసారి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటే, బార్‌ట్రమ్ పుట్టిన నేల అక్టోబరులో ఎలా ఉండేదో అర్థమవుతుంది.

1699లో పుట్టిన బార్‌ట్రమ్ పెద్దగా చదువుకున్నవాడు కాడు. 1728లో ఫిలడెల్ఫియాకు దగ్గర్లో, స్కూకిల్ నది ఒడ్డున కింగ్‌సెసింగ్‌లో నూరెకరాల పైచిలుకు పొలం కొన్నాడు. అంతకుముందు అది లెనాపీ జనం బతికిన నేల. రాళ్లు తనే చెక్కి ఇల్లు కట్టుకున్నాడు, గోధుమ పండించాడు, పశువుల్ని పెంచాడు. ఆ సేద్యంతో పాటు ఆయనకు మొక్కల పిచ్చి ఉండేది. ఆ పిచ్చి మీద కథలు కూడా అల్లారు. దున్నుతూ దున్నుతూ అలసి ఒక చెట్టు నీడన కూర్చుని, ఒక పువ్వు తెంపి చూసి, ఇన్నాళ్లూ దీన్ని నాగలి కింద తొక్కేశానే కానీ దీని సంగతి తెలుసుకోలేదే అని బాధపడి చదువు మొదలెట్టాడని ఒక కథ. 1782లో అచ్చయిన, రచయిత క్రెవెకూర్ పుస్తకం దాన్ని ఊరూరా తిప్పింది. కథ నిజమైనా కాకపోయినా, ఆయన రాసిన ఉత్తరాలు చూస్తే ఆకలిగొన్నవాడు అన్నం వైపు చూసినట్టు ఆయన చెట్ల వైపు చూసేవాడని తెలుస్తుంది.

అవతల కాలిన్సన్‌దీ అదే ఆకలి. పగలంతా దుకాణంలో బట్ట కొలవాలి, అడవులు తిరిగే వీలు లేదు. అమెరికా వలసల్లో తన సరుకు కొనే వర్తకులందర్నీ గింజలు పంపండని అడిగేవాడు. వాళ్లు సరేననేవాళ్లు, మరిచిపోయేవాళ్లు. చివరికి ఫిలడెల్ఫియా మిత్రులు ఈ పని చెయ్యగలవాడు ఒక్కడున్నాడని బార్‌ట్రమ్ పేరు చెప్పారు. 1730ల మొదట్లో మొదలైన ఆ ఉత్తరాలు 1768లో కాలిన్సన్ పోయేదాకా, సుమారు 35 ఏళ్లు ఆగలేదు. మొదట పెకమ్‌లో, తర్వాత మిల్ హిల్‌లో కాలిన్సన్ పెంచిన తోటలో ఆ గింజలు మొలిచాయి. మిల్ హిల్‌లో ఆయన ఇల్లున్న చోట ఇప్పుడు ఒక బడి ఉంది.

ఉత్తరాల్లో చెట్లే కాదు, అన్నీ ఉండేవి. వర్జీనియాలో పెద్దింటివాళ్లను కలవబోతున్నావు, వాళ్లు పైబట్ట చూసి మనిషిని కొలుస్తారు, మంచి బట్టలు కట్టుకుని వెళ్లమని 1737లో కాలిన్సన్ రైతుకు బుద్ధి చెప్పాడు. ఊరికే చెప్పలేదు, బట్ట కూడా పంపాడు. అప్పుడప్పుడూ డబ్బు లెక్కల దగ్గర చిరాకులూ వచ్చేవి. నేను పడే కష్టానికి ఇదా ఇచ్చేది అని రైతు నిష్ఠూరమాడేవాడు, వ్యాపారి సర్దిచెప్పేవాడు. ముఖం చూసుకోని ఇద్దరు మనుషులు ఇంత దగ్గరితనంతో పోట్లాడుకోవడం ఆ ఉత్తరాల్లో ఎంతో అందంగా కనిపిస్తుంది.

ఇక ఓడెక్కిన ఆ గింజల పెట్టెను కాస్త దగ్గరగా చూడాలి. ధర అయిదు గినీలు. గినీ అంటే 21 షిల్లింగులు, అంటే ఒక్క పెట్టెకు అయిదు పౌన్లకు పైన, ఆనాడు సామాన్యుడు అడుగు పెట్టలేని ధర. లోపల సుమారు నూరు రకాల గింజలు: మేపుల్ రెక్కల కాయలు, ఓక్ కాయలు, సాసఫ్రాస్, సుమాక్, టుపెలో, తులిప్ చెట్టు, డాగ్‌వుడ్. ఓక్ కాయ ఎండితే చస్తుంది, తడి ఎక్కువైతే దారిలోనే మొలిచి కుళ్లుతుంది. అందుకని వేటికి తగ్గట్టు వాటిని నాచులోనో ఇసుకలోనో పొదిగి సర్దాలి. ఓడలో ఎలుకలు వదలవు. ఓడ సమయానికి బయలుదేరకపోతే రేవులోనే బూజు పడుతుంది. యుద్ధ కాలంలో శత్రువుల ఓడలకు చిక్కితే ఏడాది కష్టం మొత్తం పోయినట్టే. వేళ్లతో సహా మొక్కలు తేవాలంటే కాలిన్సన్ ఇంకో ఉపాయం చెప్పాడు: ఎద్దు మూత్రపుతిత్తిలో కాస్త మట్టి, కాస్త నీళ్లు పోసి, అందులో వేళ్లుంచి, కాండం చుట్టూ మూతి బిగించి జీనుకు వేలాడదీసుకోమని. అలా తిత్తులు వేలాడే గుర్రం మీద ఒక్కడే రోజుల తరబడి అడవుల్లో ప్రయాణం చేసేవాడు బార్‌ట్రమ్.

అన్నిటికీ మూలం కాలం. గోధుమ కోత అయిపోయాకే ఆయనకు తీరిక. గింజలు చాలావరకు పండేదీ అప్పుడే, ఆకులు రంగు మారేదీ అప్పుడే. లండన్ పెట్టె ఎక్కువగా నిండింది ఆ ఎర్రటి నెలల్లోనే.

ఇంగ్లండుకు ఇంత ఆశ దేనికి? అక్కడ ఆకులు రాలవా? రాలతాయి, కానీ బర్చ్ పసుపు, బీచ్ రాగి, ఎల్మ్ పసుపు. అడవి చెర్రీ, స్పిండిల్ లాంటి కొన్ని ఎర్రబడతాయి కానీ అవి కొన్నే. ఈ తేడా మీద 2009లో ఇజ్రాయెల్‌కు చెందిన సిమ్‌ఖా లెవ్-యాదున్, ఫిన్లండ్‌కు చెందిన యార్మొ హోలొపైనెన్ ఒక ఊహను ముందుకు తెచ్చారు. పురుగులతో పోరాటంలో కొన్ని చెట్లు ఆకును ఎర్రబరచడం నేర్చాయి. ఉత్తర అమెరికాలోనూ తూర్పు ఆసియాలోనూ కొండలు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి గనుక, మంచుయుగాల్లో చెట్లూ పురుగులూ కలిసే దక్షిణానికి జరిగి, కలిసే తిరిగొచ్చాయి. యూరప్‌లో ఆల్ప్స్ అడ్డుగోడలా తూర్పు పడమరలుగా నిలిచాయి, దిగువకు దారిలేక ఎన్నో జాతుల చెట్లు వాటి పురుగులతో సహా నశించాయి. మిగిలిన వాటికి ఎరుపుతో పని తప్పింది. ఇది ఇంకా ఊహే, తేలిన మాట కాదు. ఎరుపు ఎలా పుడుతుందో మాత్రం తేలింది. పగళ్లు కురచై చలి సోకేసరికి ఆకులోని పచ్చదనం విరిగిపోతుంది, అడుగున ముందునుంచీ ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, దాన్ని ఆకు తన చివరి రోజుల్లో కొత్తగా తయారు చేసుకుంటుంది. పగలు ఎండ కాసి రాత్రి చల్లబడితే, చక్కెర ఆకులోనే నిలిచిపోయి, ఆంథోసయనిన్ అనే ఆ రంగు చిక్కగా పడుతుంది. రాలిపోయే ఆకు ఆఖరి పనిగా రంగు వండుకోవడం కన్నా పెద్ద వింత ఈ కథలో మరొకటి లేదు.

అమెరికా చెట్లు ఇంగ్లండుకు రావడం బార్‌ట్రమ్‌తో మొదలవలేదు. ఎర్ర మేపుల్‌ను 17వ శతాబ్దంలోనే తోటమాలులు ట్రాడెస్కంట్ల తోటలో పెంచారు. స్వీట్‌గమ్ 1680లలో లండన్ బిషప్ కాంప్టన్ తోటకు చేరింది. కానీ అవి ఒక్కొక్కటి, కుండీలో వజ్రాల్లాగా. బార్‌ట్రమ్ పెట్టెలు వచ్చాకనే వందల్లో, వేలల్లో నాటడం సాధ్యమైంది. మొదటి పెద్ద ఖాతాదారు ఎసెక్స్‌లోని థార్న్‌డన్ జమీందారు లార్డ్ పీటర్, ఇరవైల్లో ఉన్న కుర్రవాడు. చిత్రకారుడు రంగులు పూసినట్టు చెట్లను ఆకు రంగుల్ని బట్టి కలిపి నాటడం ఆయనకు ఇష్టం. 1742లో మశూచికం ఆయన్ని 29వ ఏట తీసుకుపోయింది. ఆయన నారుమళ్లలో అప్పటికి రెండు లక్షలకు పైగా మొక్కలున్నాయని కాలిన్సన్ లెక్క రాశాడు. ఆ విత్తనాలు పెద్ద చెట్లై ఎర్రబడటం ఆ కుర్రవాడు చూడలేదు. మొక్కలు మాత్రం ఇతర జమీందారుల తోటలకు వెళ్లాయి. తర్వాత రిచ్‌మండ్, నార్‌ఫొక్, బెడ్‌ఫర్డ్ డ్యూకులు, ఆ తర్వాత నర్సరీలవాళ్లు ఖాతాలో చేరారు. నర్సరీలు చేరడంతోనే కథ మలుపు తిరిగింది. డ్యూకు కొన్న గింజ డ్యూకు తోటలోనే ఉంటుంది, నర్సరీవాడు కొన్న గింజ పది ఇళ్లకు పోతుంది.

1765లో మూడో జార్జి రాజు బార్‌ట్రమ్‌కు ఏడాదికి 50 పౌన్ల జీతంతో రాజోద్యోగం ఇచ్చాడు. అప్పుడాయనకు 66 ఏళ్లు. ఆ డబ్బుతో కొడుకు విలియమ్‌ను వెంటబెట్టుకుని దక్షిణాదికి వెళ్లాడు. అక్టోబరు 1న జార్జియాలో ఆల్టమహా నది పక్కన, ఫోర్ట్ బారింగ్‌టన్ దగ్గర, మునుపెన్నడూ చూడని ఒక చెట్టు కనిపించింది. పూలకాలం అప్పటికే దాటిపోయింది, దాని సంగతంతా తేల్చుకునే వీలు లేకపోయింది. విలియమ్ దాన్ని మరిచిపోలేదు. 1770లలో లండన్ డాక్టరు జాన్ ఫాదర్‌గిల్ ఇచ్చిన సొమ్ముతో దక్షిణ ప్రాంతాలన్నీ తిరుగుతూ మళ్లీ ఆ చోటికి వెళ్లి, పువ్వు చూసి, గింజలు తెచ్చాడు. అయిదు తెల్లటి రేకులు, మధ్యలో పసుపు కేసరాల ముద్ద, టీ మొక్క కుటుంబం. తండ్రి ప్రాణమిత్రుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు మీద దానికి ఫ్రాంక్లినియా అని పేరు పెట్టారు. 1785లో బార్‌ట్రమ్‌ల చుట్టం హంఫ్రీ మార్షల్ తన పుస్తకంలో ఆ పేరు అచ్చువేశాడు.

ఆ గింజ తోటలో మొలిచి పూసిన సంగతి తండ్రికి తెలియదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం సాగుతుండగా, 1777 సెప్టెంబరులో ఆయన కన్నుమూశాడు. ఫ్రాంక్లినియా ఆ తోటలో తొలిసారి 1781లో పూసింది. అడవిలో దాన్ని ఆఖరుసారి చూసింది 1803లో. ఆ తర్వాత ఆల్టమహా ఒడ్డున ఎంతమంది వెతికినా దొరకలేదు. ఇవాళ లోకంలో ఉన్న ప్రతి ఫ్రాంక్లినియా చెట్టూ బార్‌ట్రమ్‌ల తోటలో మొలిచిన గింజల సంతానమే.

కొడుకులు ఆ తోటను నర్సరీగా నిలబెట్టారు. 1783లో ఒకే కాగితం మీద రెండొందలకు పైగా మొక్కల జాబితా అచ్చువేశారు, అమెరికా నర్సరీల జాబితాల్లో అది మొట్టమొదటి వాటిలో ఒకటి. 1787లో రాజ్యాంగ సభకు వచ్చిన జార్జి వాషింగ్టన్ తోట చూసి, మొక్కలు అరుదైనవే కానీ తోట ఏమంత తీరుగా లేదని దినచర్యలో రాసుకున్నాడు. తీరు నచ్చకపోయినా మొక్కలు నచ్చాయి, 1792లో మౌంట్ వెర్నన్‌కు ఇక్కణ్ణుంచే తెప్పించుకున్నాడు. అడవి నుంచి వచ్చిన మొక్కల్ని అవి బతికే చోట నాటుకుంటూ పోయిన రైతు తోటకు జమీందారీ తీరు ఉండకపోవడమే సహజం.

ఆ తోట బయటి దేశాల రంగును అమెరికాకు కూడా తెచ్చింది. చైనా నుంచి ఇంగ్లండు మీదుగా వచ్చిన గింకో మొక్కను 1785లో పొరుగు భూస్వామి విలియమ్ హామిల్టన్ ఇచ్చాడు, ఆ చెట్టు ఇంకా నిలిచే ఉంది. అక్టోబరు చివర అది విసనకర్రల్లాంటి ఆకులతో నిలువెల్లా పసుపై, చలి తగలగానే ఒకటి రెండు రోజుల్లో గుట్టగా రాల్చేస్తుంది. కుటుంబం చేతిలో తోట 1850 దాకా ఉంది. అప్పుల్లో అమ్మకానికి వస్తే రైల్వే ఇంజన్లు కట్టించిన ఆండ్రూ ఈస్ట్‌విక్ కొన్నాడు, చెట్టు కొట్టనివ్వలేదు. ఆయన తర్వాత, ఒకప్పుడు అక్కడే తోటమాలిగా పనిచేసిన థామస్ మీహన్ పట్టుపట్టి తిరగడం వల్ల 1891లో ఫిలడెల్ఫియా నగరం దాన్ని తన రక్షణలోకి తీసుకుంది.

ఇప్పుడు అక్కణ్ణుంచి కారులో గంటలోపు దూరంలో, కింగ్ ఆఫ్ ప్రష్యాలోనూ ఎక్స్‌టన్‌లోనూ తెలుగు కుటుంబాలున్నాయి. దసరా రోజుల్లో ఆ పెరళ్లలో బంతి, చామంతి పోసి బతుకమ్మ పేరుస్తుంటే వెనక మేపుల్ ఎర్రబడుతూ ఉంటుంది. ఆ మేపుల్ కథ అంటు మామిడి కథే. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదు. ఎర్ర మేపుల్ గింజ వేసినా అంతే, ఒక పిల్ల మొక్క కెంపులా మారితే పక్కది ఊరికే పసుపై ఊరుకుంటుంది. అందుకని మంచి రంగున్న చెట్టును ఎంచి, దాన్నే అంటు కట్టో కొమ్మ నాటో పెంచుతారు. 1961లో న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్ నర్సరీస్ అలా ఎంచి విడుదల చేసిన రకం పేరు అక్టోబర్ గ్లోరీ. ఆలస్యంగా, నిలకడగా ఎర్రబడుతుంది. కొత్త కాలనీల్లో ఇల్లు కట్టినవాడే నాటి ఇచ్చే చెట్లలో అది తరచుగా కనిపిస్తుంది.

పొదల్లో జరిగింది వేరు. ఇరవయ్యో శతాబ్దమంతా పెరటి ఎరుపంటే బర్నింగ్ బుష్ అన్నట్టే నడిచింది. 1860ల ప్రాంతంలో ఈశాన్య ఆసియా నుంచి అమెరికాకు వచ్చిన పొద అది. కొమ్మ పట్టుకుని చూస్తే బెండు లాంటి సన్నని రెక్కలు నాలుగు వైపులా నిలువునా సాగి ఉంటాయి. అక్టోబరులో ఆకు గులాబీ ఎరుపు. ఏం పెట్టినా పెట్టకపోయినా బతుకుతుంది, నీడలోనూ బతుకుతుంది, అదే చిక్కయింది. పిట్టలు దాని పళ్లు తిని అడవుల్లో గింజలు రాల్చాయి, అడవి అడుగంతా అదే పరుచుకుని అక్కడి మొక్కలకు చోటు లేకుండా చేసింది. మసాచుసెట్స్ దాని అమ్మకాన్ని నిషేధించింది, తర్వాత పెన్సిల్వేనియా కూడా. పెరట్లో దాన్ని పీకేసి ఏం వెయ్యాలని అడిగితే ఇప్పుడు తోటపని తెలిసినవాళ్లు చెప్పే పేర్లలో రెండు ఈ కథలోవే. ఒకటి ఫాదర్‌గిలా, విలియమ్‌ను పంపిన ఆ లండన్ డాక్టరు పేరు మోసే పొద, శరత్తులో ఒకే కొమ్మ మీద పసుపు, నారింజ, ఎరుపు. రెండోది ఓక్ ఆకు హైడ్రాంజియా, జార్జియా వాగుల పక్కన చూసి విలియమ్ 1791 నాటి తన యాత్రాగ్రంథంలో వర్ణించినది. దాని ఆకు ముదురు వైన్ రంగుకు తిరిగి వారాల తరబడి నిలుస్తుంది. ఇవి అమెరికా నేల మీద పుట్టినవే, అక్కడి పురుగూ పిట్టా ఎరిగినవే.

ఫ్రాంక్లినియా మాత్రం పెరట్లో పెంచడం సులువు కాదు. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది, ఎండితే అలుగుతుంది, ఒకసారి పాతుకున్నాక కదిపితే ఒప్పుకోదు. అయినా పెంచేవాళ్లున్నారు. 1998లో బార్‌ట్రమ్ తోట వాళ్లు, మీ దగ్గర ఈ చెట్టుంటే చెప్పండని పిలిస్తే, రెండు వేలకు పైగా చెట్ల లెక్క వచ్చింది, అమెరికా బయటి దేశాల నుంచి కూడా.

అక్టోబరు మొదటివారంలో ఆ తోటలో ఫ్రాంక్లినియా ముందు నిలబడితే ఒకే కొమ్మ మీద మూడు కాలాలు కనిపిస్తాయి. ఆకు కొస నుంచి ఎర్రబడుతూ ఉంటుంది. ఆ ఎర్ర ఆకుల మధ్య, వేసవి దాటినా ఇంకా ఆగని తెల్లపువ్వు ఒకటి రెండు విచ్చుకుని ఉంటాయి. కాస్త కిందగా గోలీకాయంత గట్టి కాయ ఉంటుంది, అది ఈ ఏటిది కాదు. దీని కాయ పండటానికి ఏడాదికి పైనే పడుతుంది. నిరుడు పూసిన పువ్వు కాయ ఇప్పుడు పైనుంచీ కిందినుంచీ చీలి, లోపలి గింజల్ని చూపిస్తుంది. తోటమాలి దాన్ని వేలితో మెల్లగా విప్పి, గింజల్ని కాగితపు సంచీలోకి దులిపి, మీద తేదీ రాస్తాడు.